గది స్కర్టింగ్ మార్చాలంటే: టైల్, రాయి, చెక్క, పీవీసీలలో మీ గోడకు ఏది సరిపడుతుంది?

కిందటేడు వానాకాలం చివర్లో మంచం జరిపి గది తుడుస్తుంటే, బాత్రూమ్ వైపు గోడ కింద స్కర్టింగ్, అంటే గోడ అడుగున నేల వెంట వేసే పట్టీ, ఉబ్బి కనిపించింది. వేలితో నొక్కితే టీలో ముంచిన బిస్కెట్‌లా లోపలికి దిగింది. పైన తెల్ల పొర ముడతలు పడింది, కింది అంచు పొట్టులా రాలుతోంది. అది ఎండీఎఫ్ పట్టీ, అంటే చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసిన బోర్డు. పెట్టించి రెండేళ్లు కూడా కాలేదు. మిగతా మూడు గోడల పట్టీ మాత్రం పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ మూడు గోడలే. అదే గది, అదే సరుకు, ఒకే రోజు చేసిన పని. సరుకు నాసిరకమైతే నాలుగు గోడల దగ్గరా పాడవ్వాలి కదా. షాపుకి వెళ్లినప్పుడు తలుపు రంగుకి ఏది నప్పుతుందో చూశాం, అడుగు ఎంతో అడిగాం. ఆ గోడ అవతల ఏముందని అమ్మినవాళ్లు అడగలేదు, చెప్పాలని మాకూ తోచలేదు. అప్పటినుంచి స్కర్టింగ్ ఏది మంచిదని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే: మీ గోడ అడుగుకి నీళ్లు ఎటునుంచి వస్తాయి? ముందువైపు నుంచి తడిగుడ్డ నీళ్లా, వెనకనుంచి బాత్రూమ్ చెమ్మా, నేలలోంచి పైకి ఎక్కే తడా? దీనికి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. రంగు, డిజైన్ ఆ తర్వాత మీ ఇష్టం.

మన ఇళ్లలో ఈ పట్టీ చేసే పని

యూట్యూబ్‌లో స్కర్టింగ్ మార్చే వీడియోలు చాలావరకు అమెరికావో ఇంగ్లండ్‌వో. అక్కడ దీన్ని బేస్‌బోర్డ్ అనో స్కర్టింగ్ బోర్డ్ అనో అంటారు. నేల మీద కార్పెట్టో చెక్కో ఉంటుంది, వాక్యూమ్ తిప్పుతారు. పట్టీకి నీళ్లు తగిలేది తక్కువ, గోడకీ నేలకీ మధ్య సందు కప్పితే దాని పని అయిపోతుంది. మన దగ్గర రోజూ పొద్దున చీపురు, ఆ వెంటే తడిగుడ్డ. మాపు కర్ర గోడకి తగిలిన ప్రతిసారీ మురికి నీళ్లు రెండు మూడు అంగుళాల ఎత్తు వరకు చిమ్ముతాయి. సంక్రాంతికో దసరాకో బకెట్లతో నీళ్లు పోసి ఇల్లు కడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పట్టీ లేని గోడ ఆరు నెలల్లో అడుగున నల్లగా చారలు కడుతుంది, ఏడాదికి పుట్టీ పెచ్చులు ఊడుతుంది. మన పాత ఇళ్లలో 4 అంగుళాల సిమెంట్ పట్టీ వేసి రెడ్ ఆక్సైడ్ పూసింది, పెయింట్ వేసేటప్పుడు అడుగున గోధుమరంగు ఆయిల్ పెయింట్ గీత లాగింది ఇందుకే.

ఆ వీడియోలు చూసి నెయిల్ గన్ కొనుక్కోవద్దు. అమెరికాలో గోడ అంటే మామూలుగా చెక్క చట్రానికి బిగించిన జిప్సమ్ బోర్డు. మేకు ఆ బోర్డు దాటి చెక్కలోకి దిగి పట్టీని గట్టిగా పట్టుకుంటుంది. మనది ఇటుక మీద సిమెంట్ ప్లాస్టరింగ్. సన్న మేకు కొడితే వంగిపోవడమో, చుట్టూ ప్లాస్టర్ పెచ్చు లేచిపోవడమో జరుగుతుంది. మన గోడకి టైల్ గమ్మో, మంచి కన్‌స్ట్రక్షన్ అడ్హెసివో, లేదంటే డ్రిల్ వేసి రంధ్రంలో ప్లాస్టిక్ ప్లగ్ పెట్టి స్క్రూ బిగించడమో పద్ధతి. డ్రిల్ వేసే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి: బాత్రూమ్ వెనక గోడలో నీళ్ల పైపులుంటాయి, కింద ప్లగ్ పాయింట్ ఉన్నచోట దానికి వచ్చే కరెంటు పైపు ఉంటుంది.

సరుకు చూడకముందే గోడ చూడండి

మా ఇంటికి వచ్చిన టైల్స్ మేస్త్రి ఏ సరుకు గురించీ మాట్లాడలేదు. ముందు ఉబ్బిన పట్టీ లాగేశారు, అది అట్టముక్కలా ఊడొచ్చింది. వెనక గోడ మీద తెల్లగా దూదిలాంటి ఉప్పు. దాన్ని గోటితో గీరి, వేళ్ల మధ్య నలిపి చూసి, "అమ్మా, ఇది తుడిచిన నీళ్లు కాదు. బాత్రూమ్ లోంచి వస్తున్నాయి" అన్నారు. లోపలికి వెళ్లి చూస్తే నిజమే. నీళ్లు పోయే జాలీ దగ్గర నాలుగైదు టైల్స్ సందుల్లో గ్రౌట్ ఎప్పుడో కొట్టుకుపోయింది. రోజూ స్నానం నీళ్లు ఆ సందుల్లోంచి దిగి, గోడ అడుగుని తడుపుతూ మా పట్టీ వెనక చేరుతున్నాయి.

మీకు అంత అనుభవమున్న మనిషి దొరక్కపోయినా ఇంట్లోనే చూసుకునే దారి ఉంది. అనుమానం ఉన్నచోట గోడ అడుగున అడుగున్నర చదరం పాలిథీన్ షీటు పెట్టి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపు వేయండి. ఒక రోజంతా వదిలేయండి. షీటుకి గోడవైపు చెమట పట్టినట్టు నీటి చుక్కలుంటే తడి గోడలోంచే వస్తోంది. గదివైపు పైపైన ఉంటే అది గాల్లో తేమ. గోడలోంచి వస్తుంటే ముందు ఆ కారణం తీయాలి. బాత్రూమ్ అయితే పాత గ్రౌట్ గీకేసి ఎపాక్సీ గ్రౌట్ నింపాలి, పైపు కారుతుంటే పైపు మార్చాలి, బయటి గోడ పగిలితే బయటివైపు పని చేయించాలి. ఆ తర్వాత గోడ ఆరనివ్వాలి. మేము మూడు వారాలు ఆగి, మళ్లీ షీటు పెట్టి, పొడిగా వచ్చాకే పని మొదలుపెట్టాం. ఆ మూడు వారాలూ మంచం హాల్లో ఉంది, ఇబ్బందిగానే ఉండింది. కానీ తడి గోడ మీద ఏం అతికించినా డబ్బు నీళ్లపాలే.

పాత స్కర్టింగ్ టైల్‌దో రాయిదో అయితే తట్టి చూడండి. స్క్రూడ్రైవర్ పిడి చాలు. గట్టిగా అతుక్కున్న ముక్క టక్ టక్‌మంటుంది, వదిలేసిన ముక్క కుండ మీద తట్టినట్టు డొల్ల చప్పుడు చేస్తుంది. 20 ముక్కల్లో మూడు నాలుగే డొల్ల కొడుతుంటే అవి మాత్రం తీసి మళ్లీ అతికించుకోండి, గదంతా పీకించుకోవద్దు. మంచి గోడని ఉలితో కొట్టించుకుంటే ప్లాస్టరింగ్ కూడా ఊడొస్తుంది, అప్పుడు పుట్టీ, ప్రైమర్, పెయింట్ ఖర్చు అదనం.

వాటర్‌ప్రూఫ్ అని చెప్పి అమ్మే పట్టీ కొంటే ఈ బాధంతా ఉండదు కదా అనుకోవచ్చు. పీవీసీ పట్టీ చెమ్మకి పాడవదు, నిజమే. కానీ దాని వెనక గోడ పాడవుతూనే ఉంటుంది, మీకు కనబడదు. కొన్నాళ్లకి పట్టీ పైన ఒక అడుగు ఎత్తులో పెయింట్ ఉబ్బడం మొదలవుతుంది.

టైల్ పట్టీ: చాలా ఇళ్లకు ఇదే నా సలహా

నేల విట్రిఫైడ్ టైల్ అయితే, చెమ్మ భయం ఏమాత్రం ఉన్నా, రోజూ తడిగుడ్డ పెట్టే ఇల్లైతే, టైల్ పట్టీకే వెళ్లండి. విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతానికి మించి నీళ్లు పీల్చదు. సాధారణ సెరామిక్ వాల్ టైల్ 10 శాతం పైనే పీలుస్తుంది, అందుకని స్టోర్‌రూమ్‌లో మిగిలిపోయిన వంటింటి గోడ టైల్స్‌ని స్కర్టింగ్‌కి వాడేద్దామని మేస్త్రి అన్నా ఒప్పుకోకండి.

లెక్క కూడా సులువే. మా గది 12 అడుగులు, 10 అడుగులు. చుట్టుకొలత 44, గుమ్మం 3 తీసేస్తే 41 అడుగులు. 2 అడుగుల చదరం టైల్, అంటే 600 మిల్లీమీటర్లది, దాన్ని 4 అంగుళాల పట్టీలుగా కోస్తే ఆరొస్తాయి. బ్లేడు తినే మందం పోగా ఒక్కోటి 98 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. 41 అడుగులకి 21 పట్టీలు కావాలి. నాలుగు టైల్స్ కోస్తే 24 వస్తాయి. ఈ సైజు టైల్స్ డబ్బాలో మామూలుగా నాలుగే ఉంటాయి, అంటే గదికి ఒక డబ్బా. మూడు పట్టీలు విరిగినా ఇబ్బంది లేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన డబ్బా అటక మీద ఉందేమో ముందు చూసుకోండి. అదే టైల్ అయితే ఇంకో లాభం: పట్టీ పొడవూ నేల టైల్ పొడవూ ఒకటే కాబట్టి నేల సందుకి ఎదురుగా గోడ సందు వచ్చేలా పెట్టించుకోవచ్చు. గీత నేల మీంచి గోడ మీదకి తిన్నగా ఎక్కితే గది ఎంత పొందికగా కనబడుతుందో చూస్తేనే తెలుస్తుంది.

పని చెడేది రెండు చోట్ల. మొదటిది పై అంచు. ఒక్కో టైల్‌లోంచి వచ్చే ఆరు పట్టీల్లో కంపెనీ అంచు ఉండేవి బయటి రెండే, మిగతా నాలుగింటికీ రెండువైపులా కోసిన అంచే. గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్‌ని కోస్తే పైన డిజైను సన్నటి పొర, కింద వేరే రంగు మట్టి కనబడుతుంది. గోడ మీంచి ముందుకి వచ్చే పట్టీ అయితే ఈ అంచు పైనుంచి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గ్రైండర్‌తో పదును తీసి ఎడ్జ్ పాలిష్ చేయించాలి, లేదా పైన అంచు కప్పే ప్రొఫైల్ పట్టీ వేయించాలి. ఈ పనికి కూలి వేరే ఉంటుంది, మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోండి. ఫుల్ బాడీ టైల్‌కి లోపలా బయటా ఒకటే రంగు కాబట్టి ఈ తలనొప్పి లేదు.

రెండోది అతికించే తీరు. ఇప్పటికీ చాలామంది పట్టీ వెనక సిమెంట్ పాలు పూసి గోడకి నొక్కేస్తారు. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చదని గొప్పగా చెప్పుకున్నాం కదా, ఆ గుణమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. సిమెంట్ పాలు టైల్‌లోకి ఇంకవు, పట్టు దొరకదు, రెండు మూడేళ్లకి పట్టీ డొల్ల కొడుతుంది. దీనికి పాలిమర్ కలిసిన టైల్ అడ్హెసివ్ వాడాలి. మేస్త్రీలు టైల్ గమ్ అంటారు. బస్తా మీద ఐఎస్ 15477 (టైల్ గమ్‌కి భారత ప్రమాణం) అనీ, టైప్ 2 లేదా ఆపైది అనీ ఉందో లేదో చూడండి. పట్టీ వెనక మధ్యలో నాలుగు ముద్దలు పెట్టి వదిలేయకుండా, అంతటా పరిచి నొక్కాలి. ముద్దల మధ్య ఖాళీలో చీమలు, బొద్దింకలు కాపురం పెడతాయి.

కోసేటప్పుడు రేగే దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, అందులో సిలికా ఉంటుంది. బాల్కనీలోనో కిందనో నీళ్లు పోస్తూ కోయమనండి, కోసే మనిషికి మంచి మాస్కు మీరే కొనివ్వండి.

రాయి

నేల గ్రానైటో, మార్బులో, బండలో అయితే పట్టీ కూడా అదే రాయి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటి గ్రానైట్ పట్టీ మోల్డింగ్ చేయించి పెడితే జన్మకి మళ్లీ చూడక్కర్లేదు. గ్రానైట్ కొట్లో కటింగ్ మిగుళ్లు అడగండి, వంటింటి గట్టు కోసం పలకలు కోయగా మిగిలిన 4 అంగుళాల పీలికలు తక్కువకి దొరుకుతాయి.

తాండూరు, బేతంచెర్ల, కడప బండలు సున్నపురాళ్లు, మార్బుల్ కూడా సున్నం జాతే. వీటికి యాసిడ్ తగలకూడదు. టైల్స్ పని అయ్యాక సిమెంట్ మరకలు పోవడానికి యాసిడ్‌తో కడిగే అలవాటు మన దగ్గర ఉంది, ఆ నీళ్లు తగిలితే ఈ పట్టీల మెరుపు పోయి గరుకుగా తయారవుతాయి. గ్రానైట్‌కి ఆ భయం తక్కువ.

రాయి మందం 16 నుంచి 20 మిల్లీమీటర్లు, వెనక మాలుతో కలిపితే అంగుళం దాటుతుంది. గుమ్మం చట్రం గోడ మీంచి ఎంత ముందుకుందో కొలవకుండా ఆర్డర్ ఇస్తే, పట్టీ చట్రం కంటే ముందుకి పొడుచుకొచ్చి కాలి చిటికెన వేలుకి తగులుతుంటుంది. చట్రం పక్కన ఎంత జాగా ఉందో స్కేలు పెట్టి చూసి, మిల్లీమీటర్లలో రాసుకుని వెళ్లండి.

చెక్క, ఎండీఎఫ్, హెచ్‌డీహెచ్‌ఎంఆర్

మా పట్టీ పాడైందని నేను ఎండీఎఫ్‌ని తిట్టను. పొడి గోడకి అది బాగుంటుంది: తిన్నగా ఉంటుంది, కోయడం తేలిక, పెయింట్ అద్దంలా పడుతుంది. లామినేట్ ఫ్లోరింగ్ వేసుకున్న పడకగదిలో, అవతల మరో పొడి గదే ఉన్న గోడలకి, ఎండీఎఫ్ పెట్టుకోవచ్చు. లామినేట్ నేల మీద ఎలాగూ బకెట్లతో నీళ్లు పోయరు. కాకపోతే షాపులో వచ్చే పట్టీకి ముందు ముఖం మీదే పొర ఉంటుంది, కింది అంచు, వెనకవైపు పచ్చిగా వదిలేస్తారు. నీళ్లు పీల్చేది అక్కడే. బిగించక ముందే ఆ రెండువైపులా, కోసిన ప్రతి చివరా వుడ్ ప్రైమర్, దాని మీద రెండు చేతులు ఆయిల్ పెయింట్ వేయించండి. నేలకి ఆనించకుండా ఒక విజిటింగ్ కార్డు మందం ఎత్తి బిగించి, ఆ సందుని సిలికాన్‌తో మూసేయండి. ఈ సిలికాన్ మాట టైల్ నేలకే. లామినేట్ నేల అయితే సిలికాన్ వద్దు.

ఎందుకంటే లామినేట్ ఎండకీ వానకీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, అందుకే గోడ పక్కన 8 నుంచి 12 మిల్లీమీటర్ల సందు వదులుతారు. పట్టీ ఆ సందుని కప్పాలి, నేలని పట్టుకోకూడదు. అంటే పట్టీ గోడకే బిగించాలి, మందం కనీసం 12 మిల్లీమీటర్లు దాటాలి. సన్న పట్టీ తెచ్చుకుని సందు కనబడుతోందని పుట్టీ కూరేవాళ్లున్నారు. అలా చేస్తే వానాకాలం వచ్చేసరికి నేల మధ్యలో ఉబ్బెత్తుగా లేస్తుంది.

హెచ్‌డీహెచ్‌ఎంఆర్ కూడా అలాంటి బోర్డే; ఎండీఎఫ్ కంటే దట్టం, తేమని కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. తట్టుకోవడం వేరు, నీళ్లలో నానడం వేరు. తడిగుడ్డ చిమ్మే నీళ్లకి అది సరే, మా బాత్రూమ్ గోడకి పెట్టినా ఇంకో ఏడాది ఎక్కువ నిలిచేదేమో, అంతకుమించి కాదు.

అసలైన టేకు పట్టీ అందం వేరు. పాత టేకు తలుపులు, కిటికీలు ఉన్న ఇంట్లో మరేదీ అంత నప్పదు. చేవ ఉన్న చెక్కని చెదలు అంత తొందరగా ముట్టవు, పైన ఉండే తెల్ల చెక్కని మాత్రం తినేస్తాయి. వడ్రంగి ముందు కూర్చుని చేవ ముక్కలే ఏరించుకోవాలి. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లై, చుట్టుపక్కల చెదల పుట్టలుంటే నేను చెక్క జోలికి పోవద్దంటాను. నేలలోంచి లేచిన చెదలు పట్టీ వెనక చీకట్లో మట్టి దారి కట్టుకుని ఎక్కుతాయి, అవి బీరువా చేరేదాకా మీకు తెలియదు. చెక్కే కావాలనుకుంటే ముందు చెదల మందు కొట్టించుకోండి.

డబ్ల్యూపీసీ, పీవీసీ, పాలిస్టైరిన్

మూడూ ఒకటే అన్నట్టు అమ్ముతారు, ఒకటి కాదు. డబ్ల్యూపీసీలో చెక్క పొడి, ప్లాస్టిక్ కలిసి ఉంటాయి. చెక్కలా కోయొచ్చు, స్క్రూ పడుతుంది, చెదలు పట్టవు. చెక్క రూపు కావాలి, తడిగుడ్డ తప్పదు అనుకునే ఇంటికి నేను దీన్నే చెబుతాను. వేడికి కొంచెం సాగుతుంది కాబట్టి పడమటి ఎండ నేరుగా పడే గోడకి చివర్లలో మిల్లీమీటరో రెండో వదలమనండి.

పీవీసీ పట్టీల్లో వెనక బోలుగా ఉండి ఇంటర్నెట్, టీవీ వైర్లు దాచుకునేవి దొరుకుతాయి. గోడ పగలగొట్టకుండా వైరు లాగాలంటే ఇది మంచి ఉపాయం. 230 వోల్టుల కరెంటు వైరు మాత్రం అందులోంచి తీసుకెళ్లొద్దు.

పాలిస్టైరిన్ థర్మోకోల్ జాతి. చాలా తేలిక, అద్దె ఇంట్లో ఒక్కరే మధ్యాహ్నానికి అతికించేసుకోవచ్చు. మంచం కోడు తగిలితే సొట్ట పడుతుంది. దీనికి ఘాటు వాసన వచ్చే సాల్వెంట్ గమ్ వాడితే పట్టీ కరిగి గుంటలు పడుతుంది, సాల్వెంట్ లేని గమ్ అని డబ్బా మీద చూసి కొనాలి.

ఈ రకాలన్నీ ఎక్కువగా 8 అడుగుల కడ్డీలుగా వస్తాయి. మా గదిలాంటి 41 అడుగులకి ఆరు కడ్డీలు పడతాయి. 12 అడుగుల గోడలు రెండింటికీ కలిపి మూడు, 10 అడుగుల గోడకీ గుమ్మం ఉన్న గోడకీ మూడు. అయిదు చాలవా అని లెక్క వేసుకునే ముందు కాగితం మీద ఒక్కో గోడకీ ముక్కలు గీసుకోండి. అతుకు గోడ మధ్యలో గుమ్మానికి ఎదురుగా రాకుండా, మంచం వెనకో బీరువా వెనకో వచ్చేలా చూసుకోవచ్చు.

పెయింట్ పట్టీ సంగతి రెండు మాటల్లో: డబ్బు లేనప్పుడు, పొడి గోడకి, 4 అంగుళాల ఎనామెల్ గీత తప్పేమీ కాదు. చెమ్మ గోడకి వేస్తే లోపలి తడి బయటికి రాలేక పెయింట్ పొక్కులు లేస్తుంది.

ముందుకి ఉండాలా, గోడతో సమానంగా ఉండాలా

ఈమధ్య కొత్త ఫ్లాట్లలో గోడతో సమానంగా, గోడకీ పట్టీకీ మధ్యలో సన్న గాడితో పెట్టే స్కర్టింగ్ అందరికీ నచ్చుతోంది. పైన దుమ్ము నిలవదు, బీరువా గోడకి ఆనుతుంది, కోసిన టైల్ అంచు కనబడదు. కొత్తగా ప్లాస్టరింగ్ చేస్తున్న గోడకైతే తప్పకుండా అలాగే చేయించుకోండి. పాత గోడకి ఇలా కావాలంటే నాలుగు గోడల అడుగునా ప్లాస్టర్ కోసి తీయాలి. గదంతా దుమ్ము, కూలి రెట్టింపు. మైవాన్ పద్ధతిలో (అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి) కట్టిన అపార్ట్‌మెంట్ అయితే అసలు వద్దు. అక్కడ గోడలు దాదాపు అన్నీ కాంక్రీటువే, భవనం బరువు మోసేవే. వాటిని చెక్కకూడదు.

పాతదాని మీదే కొత్త పట్టీ అతికిద్దామని కొందరు మేస్త్రీలు అంటారు. పాతది గట్టిగా ఉండి, గుమ్మం దగ్గర మందం సరిపోతే పీవీసీ, డబ్ల్యూపీసీ అలా వేయొచ్చు. డొల్ల కొడుతున్న టైల్ మీద వేస్తే రెండూ కలిసి ఊడొస్తాయి.

పాత ఇళ్లలో మూలలు సరిగ్గా 90 డిగ్రీలు ఉండవు. మూలమట్టం పెట్టి చూడకుండా 45 డిగ్రీల కోత పెట్టేస్తే మూలలో సందు తెరుచుకుంటుంది. మేస్త్రి మూలలు కోసేటప్పుడు దగ్గరుండండి. నేల కూడా అంతటా ఒకే ఎత్తులో ఉండదు. రసమట్టం పెట్టి గోడ మీద పై గీత ముందు గీయించండి, పట్టీ ఆ గీతకి పెట్టించండి. పైన గీత తిన్నగా ఉంటే కింద రెండు మిల్లీమీటర్ల తేడా గ్రౌట్‌లో కలిసిపోతుంది. గదికి పెయింట్ కూడా వేయిస్తుంటే ముందు పుట్టీ, ప్రైమర్, మొదటి చేయి, తర్వాత స్కర్టింగ్, ఆఖరి చేయి దాని తర్వాత.

అమెరికాలో ఉన్నవాళ్లకు

పైన చెప్పిన సలహాలో సగం మీకు తిరగబడుతుంది. కార్పెట్టో చెక్క నేలో ఉన్న గదిలో, జిప్సమ్ గోడకి, ప్రైమర్ పూసి వచ్చే ఎండీఎఫ్ బేస్‌బోర్డ్ చక్కగా సరిపోతుంది. బాత్రూమ్‌కీ, లాండ్రీ గదికీ, బేస్‌మెంట్‌కీ మాత్రం పీవీసీ తీసుకోండి. పట్టీని గోడ వెనక చెక్క నిలువులు ఉన్నచోట కొట్టాలి, అవి మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. పాతది తీసేటప్పుడు పై అంచున పెయింట్‌ని కటర్‌తో ముందు గీసుకోకపోతే జిప్సమ్ కాగితం చీరుకుని వచ్చేస్తుంది. 1978కి ముందు కట్టిన ఇల్లైతే పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. పిల్లలున్న ఇంట్లో దాన్ని పొడిగా గీకొద్దు, ముందు పరీక్ష చేయించండి.

కూలి మాట్లాడుకునేటప్పుడు అందరూ రన్నింగ్ ఫీట్ లెక్కే చెబుతారు. ఆ అడుగు ధరలో ఏమేం ఉన్నాయో విడగొట్టి అడగండి: పాతది తీయడం, చెత్త దింపడం, కోత, ఎడ్జ్ పాలిష్, గమ్, గ్రౌట్, మూలలు. మాకు ఇద్దరు చెప్పిన ధరల్లో తక్కువగా కనిపించినదాంట్లో చెత్త దింపడం, పాలిష్ లేవు. అవి కలిపితే రెండోవాళ్లదే తక్కువ తేలింది.

చివరికి మేము నాలుగు గోడలకీ విట్రిఫైడ్ పట్టీయే పెట్టించాం. మూడు గోడల మంచి ఎండీఎఫ్‌ని పారేయలేదు, జాగ్రత్తగా ఊడదీసి అంచులకి పెయింట్ వేసి మా అబ్బాయి చదువుకునే గదిలో పెట్టాం, అక్కడ ఏ గోడ అవతలా నీళ్లు లేవు. మిగిలిన మూడు టైల్ పట్టీలు పాత దుప్పట్లో చుట్టి అటక మీద ఉంచాను, పైన మార్కర్‌తో గది పేరు, టైల్ నంబరు, గ్రౌట్ రంగు రాసి.